మిర్చి యార్డులో మధ్యాహ్నం ప్రోటీన్ నూడుల్స్: రెండు సీజన్లు తిన్నాక

ప్రోటీన్ నూడుల్స్ గురించి ఎవరు చెప్పినా ముందు గ్రాముల లెక్కతో మొదలుపెడతారు. ఆ లెక్క నేనూ చెబుతాను గానీ, దాని కోసమే అయితే వీటిని రెండు సీజన్ల పాటు తినేదాన్ని కాదు. నేను వీటికి అలవాటు పడటానికి కారణం వేరే. ఇవి ఆగుతాయి. వేడినీళ్లు పోసి మూత పెట్టి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, అరగంటకు తిరిగొచ్చి మూత తీసినా పోగుకు పోగు విడిగానే ఉంటుంది. మామూలు నూడుల్స్ అయితే ఆ సరికి నీళ్లన్నీ పీల్చేసి, ఉబ్బిపోయి, చెంచాతో కోసుకు తినాల్సిన ముద్ద అవుతాయి. కూర్చున్న చోట నుంచి కదలకుండా భోంచేసే అదృష్టం ఉన్నవాళ్లకు ఇదొక గొప్పా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇదే గొప్ప.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు మధ్యాహ్నం అనేది ఉండదు. పొద్దున బేరాలు అయిపోగానే కాటాలు మొదలవుతాయి. కాటా అయిన లాటుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాయాలి. రైతుకు కూలీ, కమీషన్ పోను చేతికెంత వస్తుందో చెప్పాలి. కొన్న వ్యాపారి మనిషి తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఉందని రేటు తగ్గించమంటే ఓనరు గారికి ఫోను కలపాలి. ఈ మధ్యలో ఎప్పుడు ఖాళీ దొరికితే అదే భోజనం వేళ.

క్యారేజీ తెచ్చుకోవచ్చు కదా అంటే, అంతకు ముందు తెచ్చుకున్నదాన్నే. అన్నం తినాలంటే చెయ్యి కడుక్కోవాలి, కలుపుకోవాలి. మధ్యలో ఫోను మోగితే ఎడమ చేత్తో ఎత్తాలి. పట్టీ మీద సంతకం కావాలంటే మళ్లీ లేవాలి. యార్డులో చెయ్యి కడుక్కోవడమంటే నీళ్లతో తడుపుకోవడం కాదు. కాయ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో గుంటూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సగం తిన్న గిన్నెలు అలాగే సర్దుకుని ఇంటికి పట్టుకెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. మార్చి ఎండకు సాయంత్రానికి పప్పు వాసన పట్టేది. నూడుల్స్‌కు ఫోర్కు చాలు. ఎడమ చెయ్యి ఫోనుకు, కుడి చెయ్యి తిండికి.

వీటిని నేను వెతికి కొనుక్కున్నదీ లేదు. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి జిమ్‌లో చేరిన కొత్తలో ఆన్‌లైన్‌లో ఒక పెద్ద బాక్సు తెప్పించాడు. రెండు తిని, ‘రుచీపచీ లేదు’ అని వంటింటి అలమర పైన పడేశాడు. పారేయబుద్ధి కాక నేను కొట్టుకు తీసుకెళ్లాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు తెస్తున్నాయి. గోధుమ గ్లూటెన్ (గోధుమలోని జిగురు ప్రోటీన్), సోయా కలిపి నూనెలో వేయించకుండా ఆరబెట్టిన రకం ఏది తీసుకున్నా, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు దానికీ వర్తిస్తాయి.

మొదట్లో నాకూ ఏమంత నచ్చలేదు. నచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది.

పోయిన సీజను, మార్చి నడుమ. రాత్రంతా లారీలు దిగుతూనే ఉన్నాయి. యార్డు లోపల నడవడానికి దారి లేకుండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చేశారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కాస్త సందు దొరికింది. కెటిల్‌లో నీళ్లు కాచి, స్టీలు డబ్బాలో నూడుల్స్ వేసి, నీళ్లు పోసి మూత బిగించాను. ఫోర్కు ఇంకా చేతిలోకి తీసుకోనే లేదు, ముఠా మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు.

“అమ్మా, వినుకొండ రైతు లాటు దగ్గర గొడవ. మీరు రావాలి.”

వెళ్లేసరికి అక్కడ పెద్ద పంచాయితీనే నడుస్తోంది. తేజ రకం మిర్చి లాటు, పొద్దున మంచి రేటు పలికింది. కాటా మీదకు ఎక్కించేటప్పుడు రెండు టిక్కీల్లో అడుగున తాలు బయటపడిందని వ్యాపారి మనిషి మొత్తం లాటుకే రేటు తగ్గించమంటున్నాడు. రైతు ముసలాయన. టిక్కీ మీద చెయ్యి వేసి నిలబడి, అక్కడి నుంచి జరగడం లేదు.

“అమ్మాయ్, నువ్వే చూడమ్మా. కొయ్యించేటప్పుడు నేను పక్కనే ఉన్నా. తాలు విడిగా ఏరించి వేరే బస్తాల్లో పోయించా. రెండు టిక్కీల్లో ఎక్కడో కలిసిపోతే మొత్తం కాయంతా తాలేనా?”

ఆయన అన్నది న్యాయమే. కానీ న్యాయం తేలడానికి టైము పడుతుంది. ఓనరు గారు కోల్డ్ స్టోరేజీ దగ్గర ఉన్నారు, ఫోను కలవదు. కలిశాక ఆ వ్యాపారితో ఆయనే మాట్లాడారు. ఆ రెండు టిక్కీలు విడిగా తీసి వేరే రేటు కట్టేటట్టు, మిగతా లాటు పొద్దుటి రేటుకే పోయేటట్టు తేల్చారు. ఆ తర్వాత కాటా. ముసలాయనకు బస్సు టైము అయిపోతోందని పట్టీ అక్కడే నిలబడి రాసిచ్చాను. తిరిగి కొట్లోకి వచ్చి గడియారం చూస్తే రెండున్నర దాటింది.

డబ్బా పారబోద్దామనే మూత తీశాను. తీసి చూస్తే నీళ్లు అడుగున ఇంకా కొంచెం ఉన్నాయి. నూడుల్స్ గోరువెచ్చగా, పోగులు విడివిడిగా ఉన్నాయి. ఫోర్కుతో ఎత్తితే జారి పడుతున్నాయి తప్ప విరగడం లేదు. మా కొట్లో ఎప్పటి నుంచో పనిచేస్తున్న పెద్ద గుమాస్తా ఉన్నారు, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని డబ్బాలోకి తొంగిచూశారు.

“అదేంటమ్మాయ్, ఇప్పటికీ పుల్లల్లానే ఉన్నాయి. ఉడకలేదా ఏం?”

“ఉడికాయి బాబాయ్ గారూ. తిని చూడండి.”

ఒక పోగు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. “పళ్లున్నవాళ్లకు పర్లేదు” అన్నారు. ఆయన పొగడ్త అంతకు మించి ఉండదు.

ఆ రోజు నుంచి సీజనులో నా మధ్యాహ్నం ఇదే. ఆకలికన్నా పెద్ద బాధ ఒకటుండేది, డబ్బాలో తిండి పాడైపోతోందే అన్న టెన్షన్. అది పోయింది. కాటా దగ్గర మాట తొందరగా తెగ్గొట్టేసి వచ్చేయాలన్న ఆత్రం కూడా తగ్గింది.

ఎందుకు ఆగుతాయన్నది తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను జపాన్‌లో మొమొఫుకు ఆండో 1958లో అమ్మకానికి తెచ్చినప్పుడు ఆయన పట్టుకున్న కిటుకు నూనెలో వేయించడం. వేడి నూనెలో పడగానే పోగులోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది, అది పోయిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. మనం వేడినీళ్లు పోసినప్పుడు ఆ రంధ్రాల్లోంచే నీరు చకచకా లోపలికి దిగుతుంది. రెండు నిమిషాల్లో మెత్తబడేదీ అందుకే, పది నిమిషాల్లో ముద్దయ్యేదీ అందుకే. వేయించిన నూడుల్స్‌లో నూటికి 15 నుంచి 20 వంతులు నూనే ఉంటుందన్నది కూడా ఈ పద్ధతి వల్లే. ఆరబెట్టిన రకంలో రంధ్రాలు తక్కువ, పోగు గట్టిగా ఉంటుంది. పైగా గ్లూటెన్ ఎక్కువ వేస్తారు కాబట్టి పిండిని అది పట్టి ఉంచుతుంది, గంజి నీళ్లలోకి తొందరగా వదలదు. కంపెనీ వాళ్లు నా లాంటివాళ్ల కోసం ఏదో కనిపెట్టారనుకోవద్దు. ప్రోటీన్ పెంచబోతే ఈ గుణం దానంతటదే వచ్చింది. అట్ట మీద ఎక్కడా దీని మాట ఉండదు.

ఆగుతాయి అన్నానని పోసిన వెంటనే తినడానికి బాగుంటాయనుకునేరు. ప్యాకెట్ మీద నాలుగు నిమిషాలు అని ఉంటుంది. అది పొయ్యి మీద, నీళ్లు తెర్లుతున్నప్పటి మాట. మాకు పొయ్యి లేదు, కెటిలే. కెటిల్ నీళ్లు డబ్బాలో పోసి మూత పెడితే దానికి రెట్టింపు టైము కావాలి. చల్లటి స్టీలు డబ్బా కొంత వేడిని లాగేస్తుంది కాబట్టి ముందు ఒకసారి వేడినీళ్లు పోసి తిప్పి పారబోయాలి. ఇంట్లో పాత హాట్‌ప్యాక్ ఉంటే అదే మేలు. నేను ఇప్పుడు దాన్నే కొట్లో పెట్టుకున్నాను. నూడుల్స్ ఉండను ముందే నాలుగు ముక్కలుగా విరిచి వేస్తే సమంగా నానుతుంది, లేకపోతే నడిమధ్య గట్టిగా ఉండిపోతుంది. నూడుల్స్‌ను కెటిల్ లోపలే వేసి కాచే పని మాత్రం వద్దు. సోయా ఉన్నందుకు నురగ ఎక్కువ, మూతిలోంచి పొంగి బయటికి వస్తుంది.

పూర్తిగా చల్లారితే మాత్రం ఇవి తినలేం. గోరువెచ్చగా ఉన్నంతసేపే ఆ విడివిడి పోగుల సుఖం. అది దాటితే దవడ నొప్పి పుడుతుంది. ఆ గంటన్నర రోజు ఎలా బాగున్నాయంటే, మార్చి మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఏదీ అంత తొందరగా చల్లారదు. డిసెంబరులో ఇంట్లో ఒకసారి అలాగే వదిలి చూశాను. సాగుతున్నాయి, తెగడం లేదు. అంచేత నేను గంటల తరబడి ఆగుతాయని చెప్పను. అరగంట, మహా అయితే ముప్పావుగంట, అదీ వేసవిలో.

ఇక మసాలా. ప్యాకెట్ మీద మంట బొమ్మ వేసి, మూడు మిరపకాయలు గీసి, ‘జాగ్రత్త’ అన్నట్టు హెచ్చరిక రాశారు. ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి యార్డులో, చుట్టూ వేల టిక్కీలు పెట్టుకుని, ఘాటుకు అందరూ పొడిదగ్గు దగ్గుతుంటే ఆ హెచ్చరిక చదవడం సరదాగానే ఉంటుంది. మేస్త్రీకి రుచి చూపిస్తే “తియ్యగా ఉందమ్మా” అన్నాడు. అబద్ధం కాదు, చక్కెర కూడా వేశారు, పదార్థాల్లో రాసుంది.

కారం లేకపోతే పోనీ, ఉప్పు తక్కువ పెట్టారా అంటే అదీ లేదు. నా ప్యాకెట్ వెనక లెక్క ప్రకారం మొత్తం మసాలా వేసుకుంటే సోడియం వెయ్యి మిల్లీగ్రాములకు దగ్గరగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పే హద్దు రెండు వేల మిల్లీగ్రాముల లోపు, అంటే అయిదు గ్రాముల ఉప్పు. ఒక్క పూట తిండిలో సగం అయిపోతే, రాత్రి ఆవకాయ ముక్క ఏ లెక్కలో వేయాలి? ప్రోటీన్ పేరు చెప్పి ఎక్కువ డబ్బు తీసుకునే కంపెనీలు ఈ ఒక్క విషయంలో మామూలు నూడుల్స్ కంపెనీల దారిలోనే నడవడం నాకు నచ్చలేదు. నేను సగం మసాలా వేసి మిగతాది పారేస్తాను. దాని బదులు ఇంటి నుంచి చిన్న సీసాలో కందిపొడి తెచ్చుకుంటాను. అది రెండు చెంచాలు, సగం నిమ్మకాయ, ఉంటే నాలుగు పచ్చి ఉల్లిపాయ ముక్కలు. కందిపొడిలోనూ ఉప్పు ఉంటుంది, కానీ అది నా చేత్తో నేను వేసుకున్న ఉప్పు. వేరుశెనగ పొడి ఇంకా బాగా పడుతుంది. గోంగూర పచ్చడి కలిపి చూసిన మా అబ్బాయి ‘అమ్మా, ఇది తప్పు’ అన్నాడు. నాకు బానే ఉంది.

ఇప్పుడు గ్రాములు. నా ప్యాకెట్‌లో ఇరవై గ్రాముల ప్రోటీన్ అని రాసుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లకు రోజుకు బరువులో కిలోకు 0.83 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై. అంటే ఈ ఒక్క డబ్బాలో అయిదింట రెండు వంతులు వచ్చేసినట్టే. మా కర్రీ పాయింట్ సాంబారు అన్నంతో అంత రాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ అట్ట ముందు వైపు పెద్ద అక్షరాలు చూసి కొనకండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం వంద గ్రాముల పదార్థంలో రోజువారీ ప్రోటీన్ అవసరంలో అయిదో వంతు ఉంటే ‘ప్రోటీన్ ఎక్కువ’ అని రాసుకోవచ్చు. లెక్క కడితే అది సుమారు 10, 11 గ్రాములు. మైదాతో చేసిన మామూలు నూడుల్స్‌లోనే వంద గ్రాములకు తొమ్మిది పది దాకా ఉంటుంది. అంటే గుప్పెడు సోయా పిండి కలిపితే గీత దాటేయొచ్చు. గుంటూరు బ్రాడీపేటలో ఒక సూపర్‌మార్కెట్‌లో అలాంటిదే చూశాను. ముందు వైపు కండలు తిరిగిన చెయ్యి బొమ్మ, వెనక చూస్తే ప్యాకెట్ చిన్నది, అందులో ప్రోటీన్ తొమ్మిది గ్రాములు. పదార్థాల్లో మొదటిది మైదా. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం, కాబట్టి మొదటి రెండు పేర్లు చదివితే చాలావరకు కథ తెలిసిపోతుంది. వంద గ్రాముల అంకె కాదు, ప్యాకెట్ మొత్తానికి ఎంత అన్నది చూడాలి. పక్కనే రాగి నూడుల్స్ ఉన్నాయి. పేరు రాగిది, లోపల మొదటి పేరు గోధుమ పిండిది.

ఇంకో సంగతి ఉంది. గ్లూటెన్ నుంచి వచ్చే ప్రోటీన్‌లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది పప్పుల్లో, సోయాలో, పాలల్లో దండిగా ఉంటుంది. ఉత్తి గ్లూటెన్‌తో అంకె పెంచిన రకాల కన్నా సోయాయో శెనగపిండో కలిపినవి మేలు. నా దాంట్లో గ్లూటెన్, సోయా రెండూ ఉన్నాయి. ఆ సోయా వల్లే కాబోలు మొదటి వారాల్లో కడుపు ఉబ్బరంగా ఉండేది. తర్వాత సర్దుకుంది. బాబాయ్ గారికి సర్దుకోలేదు, ఆయన మానేశారు. గోధుమ పడనివాళ్లు వీటి జోలికే పోకూడదని వేరే చెప్పాలా?

సాయంత్రం ఆరు దాకా ఆకలి వేయదని పోయిన ఏడాది నేను మా వీధిలో అందరికీ చెప్పాను. నిజమే, సీజనులో వేయలేదు. అయితే సీజనులో నాలుగింటికి కొట్లో అందరికీ టీ వస్తుంది, టీతో పాటు ఎవరో ఒక రైతు తెచ్చిన అరటిపళ్లో జంతికలో ఉంటాయి. అసలు ఆకలి గుర్తుకొచ్చేంత ఖాళీ ఉండదు. సీజను కాని రోజుల్లో ఇవే తింటే అయిదింటికల్లా ఏదో ఒకటి నోట్లో పడాలనిపించింది. మామూలు నూడుల్స్ తింటే మూడున్నరకే అలా అనిపించేది కాబట్టి తేడా ఉందనే అంటాను. అన్నం తిన్నాక వచ్చే కునుకు రాకపోవడం మాత్రం రెండు కాలాల్లోనూ నిజం. పక్కన ఒక కోడిగుడ్డు ఉడకబెట్టి తెచ్చుకున్న రోజున, లేదా గ్లాసుడు మజ్జిగ తాగిన రోజున ఇంకా బాగుంది.

గుడ్డు మాట వచ్చింది కాబట్టి డబ్బు సంగతి. ఒక ప్యాకెట్ ధరకు మామూలు నూడుల్స్ అయిదారు వస్తాయి. గుడ్డులో ఆరు గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. మూడు గుడ్లు తింటే ఇరవైకి దగ్గర పడతాం, ఖర్చు ఇందులో మూడో వంతు కూడా కాదు. పచ్చి పెసలు వంద గ్రాములకు 24 గ్రాములు. యాభై గ్రాముల పెసలు నానేసి రుబ్బి పెసరట్టు వేసుకుంటే పన్నెండు గ్రాములు, కొబ్బరి చట్నీ అదనం. మా అత్తగారు ఈ లెక్క విని, “మరి దానికంత డబ్బు పోయడం ఎందుకమ్మా, పొద్దున రెండు అట్లు ఎక్కువ వేసి ఇస్తాగా” అన్నారు. ఆవిడ మాటకు నా దగ్గర జవాబు లేదు. చల్లారిన పెసరట్టు మధ్యాహ్నం రెండున్నరకు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు, అందుకని ఇద్దరం ఊరుకున్నాం. ఇంట్లో తినే వాళ్లకైతే ఆవిడ చెప్పిందే రైటు.

ఇంతవరకు రాసింది పాత ప్యాకెట్ గురించి. నాకు కోపం వచ్చింది ఈ సీజను.

ఫిబ్రవరిలో కొత్త బాక్సు తెప్పించాను. అట్ట రంగు మారింది. పైన పసుపు చుక్కలో ‘ఇప్పుడు ఇంకా త్వరగా!’ అని ఉంది. నాలుగు నిమిషాలు కాస్తా రెండున్నర అయ్యాయి. ధర అంతే, ప్రోటీన్ అంకె అంతే. మంచిదే కదా అనుకుని కొట్లో పోసి పెట్టి, ఎప్పటిలాగే కాటా దగ్గరికి వెళ్లొచ్చాను. పెద్ద పని కూడా కాదు, ఇరవై నిమిషాల్లోపే. మూత తీస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుని, నీళ్లు ఇంకిపోయి, పైన జిగురు పట్టి ఉన్నాయి. ముద్ద అనను గానీ, ముద్దకు పక్క వీధిలో ఉంది.

నాకేదో పొరపాటు ప్యాకెట్ వచ్చిందనుకుని ఇంట్లో మిగిలిన ఒక పాత దాన్ని పక్కన పెట్టి చూశాను. కొత్త పోగు సన్నం. పాతది కొంచెం దళసరి, పైన గరుకు. పదార్థాల వరసలో పెద్ద మార్పు లేదు. అంటే పోగును సన్నం చేసి నీరు తొందరగా దిగేటట్టు చేశారన్నమాట. ఎందుకు చేశారో ఊహించడం కష్టం కాదు. ఆ కంపెనీ పేజీలో కొన్నవాళ్లు రాసినవి చదివితే పదిలో ఏడెనిమిది మంది ఫిర్యాదు ఒకటే: ఉడకడం లేదు, రబ్బరులా ఉంది, టైము పడుతోంది. మా అబ్బాయి కూడా అదే అన్నాడు కదా. పాపం కంపెనీ వాళ్లు జనం అడిగింది చేశారు. నాలాగా ‘బాగా ఆగుతున్నాయి, చాలా సంతోషం’ అని ఎవరూ వాళ్లకు రాసి ఉండరు.

నేను రాశాను. పోగు మందం పాతదే కావాలని, కనీసం రెండు రకాలూ ఉంచమని, ఫొటోలు పెట్టి మరీ రాశాను. జవాబు మర్నాడే వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, తర్వాతి ఆర్డరు మీద పది శాతం తగ్గింపు. తగ్గింపు దేని మీద? నాకు అక్కర్లేని సన్న పోగు మీద. ఆ కూపన్ మా అబ్బాయికిచ్చాను. వాడికి కొత్త రకం నచ్చింది. ‘ఇప్పుడు తిండిలా ఉంది’ అంటున్నాడు, వారానికి మూడుసార్లు పొయ్యి మీద గుడ్డు కొట్టి చేసుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే వాడు చేసింది వేడివేడిగా తిన్నప్పుడు నాకూ బాగుంది. పాతదాని కన్నా మెత్తగా, మసాలా బాగా పట్టి ఉంది. సోడియం అంకె మాత్రం కదల్లేదు.

అందుకని ఎవరైనా కొనమంటావా అని అడిగితే ముందు నేను అడిగేది, పోసిన వెంటనే తింటారా అని. అవునంటే కొత్త ప్యాకెట్ కొనుక్కోవచ్చు, వంటింట్లో పొయ్యి, ఒక గుడ్డు ఉంటే ఇంకా నయం. రోజూ అని మాత్రం చెప్పను, అంత ఉప్పుతో ఏదీ రోజూ చెప్పను. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది. నాకు నలభై దాటినా ఇంతవరకు బీపీ లేదు. సీజను మూడు నెలలు, అదీ యార్డు పనిచేసే రోజుల్లోనే, సగం మసాలాతో తింటాను. నా అనుభవం అంతవరకే చెల్లుతుంది. మా లాగా కొట్లో కూర్చునేవాళ్లు, మందుల షాపుల వాళ్లు, కౌంటరు వదిలి లేచి రావాల్సిన వాళ్లు అయితే దళసరి పోగు రకం వెతుక్కోండి. ప్యాకెట్ మీద ఉడికే టైము అయిదు నిమిషాలో ఆరో రాసి ఉంటే భయపడొద్దు, మనకు కావాల్సింది అదే.

నేను ఇప్పుడు వేరే కంపెనీది ఒకటి చూస్తున్నాను. శెనగపిండి ఎక్కువ, ప్రోటీన్ పదిహేను గ్రాములే, పోగు బల్లపరుపుగా వెడల్పుగా ఉంది. పావుగంట ఆగింది, తర్వాత చివర్లు విరుగుతున్నాయి. రుచి మాత్రం అన్నింటికన్నా మేలు, కందిపొడి బాగా పట్టుకుంటుంది. చిన్న ప్యాకే తెప్పించాను. ఏప్రిల్ ఆఖరుకు వచ్చేశాం, సరుకు తగ్గింది, మే నెలలో యార్డుకు సెలవులు ఇస్తారు. ఆ తర్వాత అంతా కోల్డ్ స్టోరేజీ కాయే కాబట్టి ఇంత రద్దీ ఉండదు, ఒంటిగంటకు క్యారేజీ విప్పుకుని తినొచ్చు. పాత రకం ప్యాకెట్లు ఇంకా మూడు ఉన్నాయి. గడువు ఆగస్టు దాకా ఉంది. మా అబ్బాయి కంట పడకుండా కొట్లో పట్టీ పుస్తకాల అరలో పెట్టాను.